చీటీ చిన్నది, చిక్కు పెద్దది

క్యూలు పోగొట్టేందుకు వచ్చిన ఫాస్టాగ్ పనిచేస్తే రెప్పపాటులో గేటు దాటిస్తుంది. మొరాయిస్తే మాత్రం తప్పెవరిదో తేలకముందే వాహనదారు జేబు ఖాళీ

సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్-విజయవాడ హైవేని చూస్తే భాగ్యనగరం మొత్తం మూటాముల్లె సర్దుకుని ఒకేసారి ఊరెళ్తోందా అనిపిస్తుంది. చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌ప్లాజాకు అది ఏటా తప్పని పరీక్ష. విజయవాడ వైపు అదనపు లేన్లు తెరుస్తారు. కార్లు ఒకదాని వెనక ఒకటి చకచకా కదులుతుంటాయి. అంతలో ఒక కారు గేటు ముందు ఆగిపోతుంది. డ్రైవరు రెండడుగులు వెనక్కి తీసి మళ్లీ ముందుకు వస్తాడు. గేటు లేవదు. సిబ్బందిలో ఒకరు చేతి స్కానరు తెచ్చి అద్దానికి ఆనిస్తారు. ట్యాగ్ బ్లాక్‌లిస్టులో ఉందని తేలుతుంది. ఖాతాలో చూస్తే డబ్బులున్నాయి! ఈలోగా వెనక హారన్ల మోత. వాదించే వ్యవధి ఉండదు. అడిగినంత కట్టి బయటపడటమే.

దేశంలో ఫాస్టాగ్ వాడేవారు 8 కోట్లు దాటారని, టోల్ వసూళ్లలో దాని వాటా 98 శాతం దాకా ఉందని 2025లో కేంద్ర ప్రభుత్వం చెప్పుకుంది. అది గొప్ప విజయమే. చిల్లర కోసం తగాదాలు, రసీదు కోసం ఎదురుచూపులు ఉన్న రోజులతో పోలిస్తే ప్రయాణం ఎంతో సుఖం. కానీ ఇంతమందికి చీటీ అంటించిన వ్యవస్థ, అది ఎలా పనిచేస్తుందో, పనిచేయనప్పుడు వారి హక్కేమిటో చెప్పడానికి మాత్రం అంత శ్రద్ధ చూపలేదు.

నిజానికి దాని పనితీరు సరళమే. ట్యాగ్‌లో బ్యాటరీ ఉండదు. సన్నని యాంటెన్నా, దానికి అతికిన చిన్న చిప్పు, అంతే. లేను పైనున్న రీడరు 865-867 మెగాహెర్ట్జ్ తరంగాలను పంపుతుంది. ఆ తరంగాల శక్తితోనే చిప్పు మేల్కొని తన నంబరు చెబుతుంది. ఆ నంబరు ప్లాజా కంప్యూటరు నుంచి అక్కడ వసూళ్లు చూసే బ్యాంకుకు, అక్కడినుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కు (ఎన్‌పీసీఐ), చివరికి ట్యాగ్ జారీ చేసిన బ్యాంకుకు చేరుతుంది. డబ్బు కోత పడేది ఆ చివరి మజిలీలో. నందన్ నీలేకని నాయకత్వంలోని కమిటీ 2010లో ఈ పద్ధతినే సిఫార్సు చేసింది. 2012లో హర్యానాలోని చండీమందిర్ ప్లాజాలో మొదలైన ప్రయోగం, 2014 నాటికి ఫాస్టాగ్ పేరుతో రోడ్డెక్కింది.

అంటించడంలోనే మొదటి పొరపాటు జరుగుతుంది. 2017 డిసెంబరు 1 తర్వాత అమ్మిన కొత్త కార్లకు డీలరే ట్యాగ్ అంటించి ఇవ్వాలి. పాత కారుకైతే బ్యాంకు నుంచి తెచ్చుకుని ఎవరికి వారే అంటించుకుంటారు. చోటు, ముందు అద్దానికి లోపలివైపు, వెనక చూసే అద్దం వెనక, పైభాగాన నడిమధ్య. అద్దాన్ని తుడిచి, తడి ఆరాక, ముడతలు లేకుండా ఒక్కసారే నొక్కాలి. పీకి మళ్లీ అంటిద్దామంటే కుదరదు. లోపలి తీగ తెగుతుంది, ట్యాగ్ చచ్చిపోతుంది. వేడిని ఆపేందుకు లోహపు పూత పూసిన అద్దాలున్న కార్లలో ఇంకో చిక్కు. ఆ పూత రేడియో తరంగాలనూ ఆపేస్తుంది. అందుకే అలాంటి కొన్ని కార్లలో అద్దం పైభాగాన పూత లేని చోటు ఒకటి వదులుతారు. ట్యాగ్ అక్కడే ఉండాలి. ఈ సంగతి కారు అమ్మేటప్పుడు చెప్పేవారు తక్కువ.

అద్దం పాడవుతుందనో, రెండు కార్లకూ ఒకటే వాడుకోవచ్చనో ట్యాగ్‌ను చేత్తో పట్టుకుని చూపించే తెలివైనవారూ ఉన్నారు. అలాంటి ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెట్టాలని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలో ఆదేశించింది. ఆ కాఠిన్యానికి కారణం లేకపోలేదు. కారుకిచ్చే ఊదారంగు ట్యాగ్‌ను లారీకి అంటించి తక్కువ రుసుముతో దాటే బాపతు ఎక్కువైంది. అయితే దొంగలను పట్టడానికి వేసిన వలలో ఎక్కువగా చిక్కింది మామూలు కార్లవాళ్లే. 'నీ వాహనాన్ని నిరూపించుకో' అంటూ ముందు నుంచి, పక్క నుంచి కారు ఫోటోలు అడిగారు. అవి నచ్చకపోతే ట్యాగ్ నిలిచిపోయేది. చివరికి బ్యాంకులే వాహన్ డేటాబేస్‌తో సరిచూసుకోవాలని, కార్లకు జారీ చేసే కొత్త ట్యాగ్‌లకు 2026 ఫిబ్రవరి 1 నుంచి ఈ తతంగం ఉండదని 2026 జనవరిలో ప్రకటించారు. ఆ పని మొదటే ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు జవాబు లేదు.

బ్లాక్‌లిస్టు కథ

డబ్బులుండి కూడా గేటు లేవకపోవడానికి ఇలాంటి కారణాలు అనేకం. కేవైసీ పాతబడటం ఒకటి. షోరూములో ఛాసిస్ నంబరు మీద తీసుకున్న ట్యాగ్‌కు 90 రోజుల్లోగా రిజిస్ట్రేషన్ నంబరు జోడించకపోవడం ఇంకొకటి. అదే కారుకు వేరే బ్యాంకు నుంచి రెండో ట్యాగ్ తీసుకుంటే పాతది మూగబోతుంది. 2024లో పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించినప్పుడు, మార్చి 15 తర్వాత రీచార్జి కుదరక ఆ ట్యాగ్‌లు వాడేవారంతా వేరే బ్యాంకులకు పరుగెత్తాల్సి వచ్చింది.

సెకండ్‌హ్యాండ్ కార్ల తంటా వేరు. కారు అమ్మినవారు ట్యాగ్ రద్దు చేయించడం మరచిపోతారు. కొన్నవారు ఊళ్లు తిరుగుతుంటే ఎక్కడో ఇంట్లో కూర్చున్న పాత యజమాని ఫోనుకు కోతల సందేశాలు వస్తుంటాయి.

వీటికి తోడు వదంతులు. 2022లో వాచీ పెట్టుకున్న కుర్రాడొకడు అద్దం తుడుస్తూ ట్యాగ్‌లోని డబ్బు కాజేశాడంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. అది కట్టుకథేనని, నమోదైన ప్లాజాల ఖాతాలకు తప్ప వ్యక్తులకు ఫాస్టాగ్ నుంచి డబ్బు వెళ్లదని ఎన్‌పీసీఐ చెప్పాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అలజడి. ప్లాజాకు గంట ముందే రీచార్జి చేయకపోతే రెట్టింపు తప్పదన్న ప్రచారమది. ఆ సర్క్యులర్ బ్యాంకుల మధ్య తగాదాలకు సంబంధించిందని, జాతీయ రహదారుల ప్లాజాలకు ట్యాగ్ స్థితి అప్పటికప్పుడే తెలుస్తుందని రహదారుల సంస్థ వివరణ ఇచ్చుకుంది. సమాచారం ఆగి ఆగి చేరే పాత పద్ధతి కొన్ని రాష్ట్ర రహదారులపై మిగిలి ఉంది. గేటు ముందు రీచార్జి చేసినా పచ్చదీపం వెలగనిది అలాంటిచోటే.

ఇక్కడే అసలు విషయం. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి ట్యాగ్ లేకున్నా, చెల్లకున్నా రెట్టింపు రుసుము. 2025 నవంబరు 15 నుంచి దాన్ని కొంత సడలించారు. నగదైతే రెట్టింపు, యూపీఐ ద్వారా కడితే ఒకటింబావు రెట్లు అని అప్పట్లో నిర్ణయించారు. ఇవి ప్రతి ప్లాజా సిబ్బందికీ కంఠతా వచ్చు. కానీ 2018 మే 7న వెలువడిన నోటిఫికేషన్ సంగతో? ట్యాగ్ చెల్లుబాటులో ఉండి, తగిన డబ్బు ఉండి, ప్లాజా యంత్రమే పనిచేయకపోతే వాహనాన్ని ఉచితంగా వదలాలి. సున్నా రుసుముతో రసీదూ ఇవ్వాలి. ఆ రసీదు అడిగే వాహనదారు కనిపించడం అరుదు. తప్పు యంత్రానిదా, ట్యాగ్‌దా అన్నది తేల్చేది కూడా గేటు దగ్గరి సిబ్బందే కాబట్టి అడిగినవారికీ దక్కుతుందన్న భరోసా లేదు. క్యూ 100 మీటర్లు దాటితే రుసుము లేకుండా వదలాలన్న 2021 నాటి మార్గదర్శకం మాత్రం చాలామందికి గుర్తు. దాన్ని 2024లో వెనక్కి తీసుకున్న సంగతే తెలియదు. పసుపు గీత చూపించి నేటికీ గొడవపడుతుంటారు.

పాస్ లెక్క

2025 ఆగస్టు 15న ప్రైవేటు కార్లకు 3,000 రూపాయల వార్షిక పాస్ వచ్చింది. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. ట్రిప్పంటే ఊరెళ్లి రావడమని పొరబడ్డవారు ఎందరో. ఇలాంటి రోడ్లపై ఒక ప్లాజాను ఒకసారి దాటితే ఒక ట్రిప్పు. హైదరాబాద్ నుంచి విజయవాడకు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర వరసగా నాలుగు. వెళ్లి వస్తే ఎనిమిది. అంటే 25 సార్లు వెళ్లిరావచ్చు. ప్రారంభ ధరలో ప్లాజాకు 15 రూపాయలే పడింది. నెలకు రెండుసార్లు ఊరెళ్లేవారికి ఇది వరమే. అయితే ఇది జాతీయ రహదారులకే పరిమితం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుపై చెల్లదు. పాస్ ఉంది కదా అని ఔటర్ ఎక్కినవారికి దిగేచోట ఫోను మోగుతుంది. మామూలు ఖాతాలోంచి మామూలు కోతే. ఏడాదికి ఒకే ఒక్కసారి, పండక్కి మాత్రమే సొంతూరు వెళ్లే కుటుంబానికి పాస్ దండగ.

గేట్లే లేని టోల్‌ప్లాజాలు తర్వాతి అంకం. గుజరాత్‌లోని చోర్యాసీ ప్లాజా కోసం 2025 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. రోడ్డుకు అడ్డంగా నిలబెట్టిన దూలం మీది రీడరు ట్యాగ్‌ను, కెమెరా నంబరు ప్లేటును చదువుతాయి. కారు ఆగనక్కర్లేదు. ఆ ఏర్పాటు పంతంగికి వస్తే పండగ క్యూలు మాయం కావచ్చు. చేతి స్కానరు పట్టుకుని పరుగెత్తుకొచ్చే మనిషీ ఉండడు. చీటీ చదవలేకపోయిన సంగతి డ్రైవరుకు తెలిసేది సూర్యాపేట దాటాక, ఫోనుకొచ్చిన సందేశంలో. అప్పుడు సున్నా రసీదు ఎవరిని అడగాలో ఇంకా ఎవరూ చెప్పలేదు. ప్రస్తుతానికి ఉన్నది 1033 నంబరు, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకు గుమ్మం.