మధ్యతరగతికి గజం స్థలమూ గగనమే
శివారు బాట పడుతున్న వేతన జీవులు

ఖానాపురం హవేలి (ఖమ్మం): హైదరాబాద్‌లో సొంతిల్లు మధ్యతరగతికి అందని ద్రాక్షగా మారింది. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ నిర్వహించిన వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు. ఆ లెక్కన గజం ధర రూ.2 లక్షలు దాటింది. అది ఆకాశహర్మ్యాల కోసం కొన్న స్థలమే అయినా, అలాంటి ధర వెలువడిన ప్రతిసారీ చుట్టుపక్కల భూయజమానుల ఆశ కూడా పెరుగుతుంది. రాజధానిలో కొనలేనివారు సొంత జిల్లా వైపు చూస్తుంటే, ఇక్కడా ధరలు వారికంటే ముందే పరుగెడుతున్నాయి.

ఎందుకు పెరిగాయి?
ఖమ్మం పురపాలక సంఘం 2012లో నగరపాలక సంస్థగా మారింది. ఖానాపురం హవేలి సహా పలు శివారు పంచాయతీలు అందులో కలిశాయి. 2017లో స్తంభాద్రి పట్టణాభివృద్ధి సంస్థ (సుడా) ఏర్పడింది. వి.వెంకటాయపాలెం వద్ద నిర్మించిన సమీకృత కలెక్టరేట్ 2023 జనవరిలో ప్రారంభమైంది. సూర్యాపేట రహదారి నాలుగు వరుసలైంది. ఊరికి దూరమనుకున్న పొలాలు ప్లాట్లయ్యాయి. శివారులో చవకగా దొరుకుతుందన్న మాట పాతబడింది.

లెక్క ఇదీ..
రూ.40 లక్షల ఇల్లు కొనాలనుకునే ఉద్యోగిని తీసుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం రూ.30 లక్షలకు మించిన గృహరుణం ఇంటి విలువలో 80 శాతం దాటరాదు. అంటే గరిష్ఠంగా రూ.32 లక్షలు అప్పుగా లభిస్తుంది. మిగతా రూ.8 లక్షలు సొంతంగా పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. 2021 జులైలో రాష్ట్ర ప్రభుత్వం ఈ చార్జీలను 6 నుంచి 7.5 శాతానికి పెంచడంతో మరో రూ.3 లక్షలు కావాలి. తాళం చెవి చేతికి రాకముందే రూ.11 లక్షలు సిద్ధం చేసుకోవాలన్నమాట.

ఆపై నెలవారీ వాయిదా. రూ.32 లక్షల రుణానికి 20 ఏళ్ల గడువుతో 7 శాతం వడ్డీ అయితే నెలకు సుమారు రూ.24,800 కట్టాలి. అదే 8.5 శాతమైతే రూ.27,770 అవుతుంది. రూ.60 వేల జీతంలో దాదాపు సగం వాయిదాకే పోతే పిల్లల చదువు, వైద్యం, తల్లిదండ్రుల పోషణ మిగతా సగంలోనే గడవాలి.

అటు కాదు.. ఇటు కాదు
ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. సొంత స్థలమున్న పేదలకు రూ.5 లక్షల సాయం దీని ఉద్దేశం. వేతన జీవులకు అది వర్తించదు. కేంద్రం మధ్యతరగతికి ఇచ్చిన వడ్డీ రాయితీ 2021 మార్చితో ముగిసింది. 2024 సెప్టెంబరులో మొదలైన పీఎం ఆవాస్ యోజన-2లో ఏడాదికి రూ.9 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారికి గరిష్ఠంగా రూ.1.80 లక్షల రాయితీ ఉంది. అయితే ఇంటి విలువ రూ.35 లక్షలు మించరాదు. రూ.40 లక్షల ఇల్లు కొనేవారికి అదీ దక్కదు.

చవక ప్లాటుతో చిక్కులు
ధర తక్కువని అనుమతి లేని లేఅవుట్లలో కొనేవారు మరో భారం మోస్తున్నారు. అటువంటి ప్లాట్ల రిజిస్ట్రేషన్లను 2020 ఆగస్టులో ప్రభుత్వం నిలిపివేసి, అప్పటికే ఒకసారి రిజిస్టరైన వాటికి డిసెంబరులో సడలింపు ఇచ్చింది. ఎల్‌ఆర్‌ఎస్ కింద ప్లాటుకు క్రమబద్ధీకరణ రుసుము కట్టాలి. ఖాళీ స్థలం విడవని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం అదనం. క్రమబద్ధీకరణ లేకుంటే ఇంటి అనుమతికి, బ్యాంకు రుణానికి ఇబ్బందే.

పల్లపు స్థలాల ముప్పు మరొకటి. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు ఖమ్మంలో నదీతీర కాలనీలు నీట మునిగి, ఏళ్ల తరబడి కూడబెట్టిన సామగ్రి ఒక్క రోజులో బురదపాలైంది. కొనుగోలుదారులు లేఅవుట్ అనుమతి, లింకు దస్తావేజులు, ఈసీతోపాటు చెరువు శిఖం, నాలా హద్దులను కూడా సరిచూసుకున్నాకే బయానా ఇవ్వడం మేలు. పేదలకు ఇళ్లు, సంపన్నులకు విల్లాలు కడుతున్న చోట, నడుమ నలిగిపోతున్న వర్గానికి అందుబాటు ధరలో అనుమతులున్న ప్లాట్లు చూపే బాధ్యతను పాలకులు తీసుకోవాల్సిన అవసరం ఎంతైనా ఉంది.