ఎదిగే పిల్లకు ఆది రవిక చాలదు

గద్వాలలోనైనా, వనపర్తి, నాగర్‌కర్నూలులలోనైనా దసరాకు ముందు దర్జీ దుకాణానికి వెళ్ళే ఇల్లాలి సంచిలో కొత్త గుడ్డతోపాటు ఒక పాత రవిక కూడ ఉంటుంది. దానిని ‘ఆది’ అంటారు. దర్జీ దానిని పరచి, టేపుతో కొలిచి, కొత్తది కత్తిరిస్తాడు. ఒళ్ళు ఒక తీరుకు వచ్చిన స్త్రీకి ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది; మనిషిని తాకి కొలిచే ఇబ్బందీ తప్పుతుంది. చిక్కంతా పది, పదకొండేండ్ల ఆడపిల్లకు కూడ దీనినే పాటించడంలో ఉన్నది. నిరుటి రవిక నిరుటి పిల్ల కొలతలే చెప్పగలదు.

ఆడపిల్లల ఎదుగుదల ఏటేటా ఒకే రీతిగా సాగదు. సాధారణంగా 11, 12 ఏండ్ల ప్రాంతంలో అది మిక్కిలి వేగం అందుకొంటుంది. ఆ ఒక్క ఏడు 8 సెంటీమీటర్ల దాకా, అనగా 3 అంగుళాలకు పైగా, పొడవు పెరుగవచ్చును. కొందరికి ఈ దశ ముందే వస్తుంది, కొందరికి ఆలస్యంగా. పాదాలు, కాళ్ళు, చేతులు ముందు సాగుతవి. మొండెం ఆ వెనుక. అందుచేత లంగా పొట్టి అయిన నాటికి సరిగానే ఉన్న రవిక, కొన్ని నెలలకు చంకల దగ్గర పట్టివేస్తుంది. రజస్వల అయిన తర్వాత పొడవు పెరగడం మందగిస్తుందే గాని వెంటనే ఆగిపోదు. ఛాతీ, తుంటి కొలతలు మారుతూనే ఉంటవి.

ఇది సొగసుకు సంబంధించిన మాట మాత్రమే కాదు. ఛాతీమీద బిగిసిన బట్టతో బడికి వెళ్ళే పిల్ల భుజాలు ముందుకు వంచి, పుస్తకాలు గుండెకు హత్తుకొని నడుస్తుంది. తరగతిలో చేయి ఎత్తదు. ఆటల గంటలో చెట్టు క్రింద కూర్చుంటుంది. మనం ఆమెకు ‘సిగ్గరి’ అని పేరు పెడతాము. తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల యూనిఫారాల కుట్టుపనిని 2024లో మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. కొలిచే చేయి స్త్రీది కావడం మేలే. అయితే వేసవికి ముందు తీసిన కొలత, బడి తెరిచే జూన్ నాటికి కొంత పాతబడి ఉంటుందని కుట్టేవారు గుర్తుంచుకోవలె.

ఇంటివద్ద కొలవడం కష్టమేమీ కాదు. పిల్లను చెప్పులు లేకుండ, పలుచని బట్టలతో నిటారుగా నిలబెట్టవలె. ఛాతీ కొలతకు టేపును వీపుమీదుగా నేలకు సమంగా త్రిప్పి, లోపల రెండు వ్రేళ్ళు దూరేటట్లు పట్టవలె, ఊపిరి బిగబట్టనీయరాదు. నడుము ఎక్కడో తెలియకపోతే ఒక దారం కట్టి ప్రక్కకు వంగమనండి, అది తన చోటు తానే చూసుకొంటుంది. లంగా పొడవు అక్కడినుండి చీలమండ వరకు. భుజం ఎముకనుండి ఎముకకు. చేయి పైకెత్తించి చంక చుట్టు ఇంకొకసారి కొలవవలె. చాలామంది మరచేది ఇదే, బట్ట పిగిలేదీ అక్కడే. అంకెలు తేదీతోసహా వ్రాసి ఉంచి, ఆరు నెలలకు మరల చూడవలె. కొలిచేముందు పిల్లను అడగండి, తలుపు వేయండి. ‘ఎంత లావయ్యావే’ అనే మాట మాత్రం నోట రానీయకండి. టేపు తానే పట్టుకొంటానంటే మరీ మంచిది.

గద్వాల నేతతో లంగా కుట్టించేవారు ఇంకొకటి గమనించవలె. అందులో నూలు నేతకు పట్టు అంచు కలిపి నేస్తారు. అంచు పాదాల వద్ద నిలువవలె గనుక, అడుగున మడిచి తర్వాత విప్పే వీలు లేదు. అంచుకు పైన, లోపలివైపు రెండు అడ్డమడతలు వేయించి, నడుము పట్టీలో కొంత మిగులు దాచవలె. రవికకు ప్రక్కకుట్లలో ఒక్కొక్క వైపు అంగుళం ఉంచితే చాలును. ఎదుగుతుంది గదా అని రెండేండ్లకు సరిపడే సంచి వంటిది తొడిగితే పిల్లకు అదీ నగుబాటే. మిగులు కుట్టు లోపల ఉండవలెగాని ఒంటిమీద వ్రేలాడరాదు. ఈ దసరాకు కుట్టించిన లంగాలో మొదటి మడతను ఉగాదికి విప్పితే, రెండవది వచ్చే దసరా దాకా ఉంటుంది.