గాలి యంత్రము మొండికెత్తినప్పుడు

మా పాఠశాల పనిశాలలో నొక మూలను గాలిని కుదించు కంప్రెసరు కలదు. బల్లలకు రంగు చిమ్ముటకును, సైకిలు చక్రములకు గాలి నింపుటకును దానిని వాడుచున్నాము. పంక్చరు దుకాణముల యొద్ద ఇట్టి యంత్రమును చూడని విద్యార్థి యుండడు. అయినను అది మొరాయించినప్పుడు దానికడ నిలిచి యోచించువారు తక్కువ; కాలితో తన్నువారే యెక్కువ.

మోటారు బెల్టుతో చక్రమును త్రిప్పగా సిలిండరులో పిస్టను క్రిందికిని మీదికిని ఆడుచుండును. అది దిగునపుడు ఒక వాల్వు తెరచుకొని బయటిగాలి లోనికి వచ్చును. ఎక్కునపుడు ఆ వాల్వు మూసికొని, రెండవది తెరచుకొని, కుదిసిన గాలి ట్యాంకులోనికి పోవును. ట్యాంకు నోటికడ నున్న చెక్ వాల్వు పోయిన గాలిని వెనుకకు రానీయదు. నియమితమైన ఒత్తిడి కలుగగానే ప్రెషరు స్విచ్చి మోటారును ఆపును.

మోటారు ఎంతసేపు తిరిగినను గేజి ముల్లు లేవకున్నచో, యంత్రము నాపి, కుళాయి మూసి, ముల్లును కనిపెట్టవలెను. ముల్లు దిగుచున్న యెడల ఎచ్చటనో గాలి కారుచున్నది. అతుకులకు సబ్బునీరు పూసిన బుడగలే ఆ చోటు చూపును. ముల్లు కదలకున్నచో దోషము పంపులోనిది. ఫిల్టరు దుమ్ముతో పూడియుండవచ్చును, బెల్టు వదులై జారుచుండవచ్చును. యంత్రము తిరుగుచుండగా గాలి పీల్చు రంధ్రముకడ అరచేయి పెట్టినపుడు గాలి వెనుకకు కొట్టినచో లోనికి గాలినిచ్చు వాల్వు చెడినదని తెలియవలెను. నూనె త్వరగా తరుగుచు, గాలితోపాటు తుంపరలుగా వచ్చుచున్నచో పిస్టను రింగులు అరిగినవని అనుమానింపవచ్చును.

ఇక మోటారు తిరుగక, ఊరక మూల్గుట గలదు. ఒకప్పుడు మాకిట్లే సంభవింపగా, మోటారు కాలినదనియు, తీగ మరల చుట్టవలసినదనియు ఒక మిస్త్రీ తేల్చెను. ఇంతలో ఒక విద్యార్థి, “అయ్యా, యంత్రము ఆగునపుడు వినబడు బుస్సుమను చప్పుడు రెండుదినములనుండి వినబడుటలేదు” అనెను. ఆ మాటయే మా సొమ్ము కాపాడినది. యంత్రము ఆగగానే పిస్టను మీద చిక్కిన గాలిని వదలుటకు స్విచ్చికడ చిన్న వాల్వు ఒకటి యుండును. అది మురికిచే పట్టుకొనిపోవుటచేత, ఆ గాలిని ఎదిరించి కదలలేక మోటారు మూల్గుచుండెను. శుభ్రపరచగానే తిరిగినది. ఆ చప్పుడు క్షణకాలముండి ఆగుట ఆరోగ్య లక్షణము. ఆగక సాగుచున్నచో చెక్ వాల్వు సరిగా మూయక ట్యాంకులోని గాలి వెనుకకు వచ్చుచున్నదన్నమాట. ఈ రెండును కానిచో కెపాసిటరును, విద్యుత్తు బలమును పరీక్షింపవలెను. దేనిని విప్పుటకైనను ముందు ప్లగ్గు తీసి, ట్యాంకులోని గాలినంతయు వదలవలయును.

ఈ జాగ్రత్త ఊరక చెప్పుటలేదు. గేజి 100 పౌనులు చూపినపుడు ట్యాంకు లోపల చదరపు అడుగునకు 14,400 పౌనులు, అనగా ఇంచుమించు ఆరున్నర టన్నుల త్రోపు కలదు. సేఫ్టీ వాల్వు తనంతట తాను తెరచుకొనినచో స్విచ్చి మోటారును ఆపుటలేదేమో యని చూడవలెను. కొందరు ఆ రొదకు విసిగి దానిని తీగతో బిగించి కట్టుదురు. ఇంతకంటె అవివేకము మరియొకటి లేదు.

ట్యాంకుకు లోపలి శత్రువు నీరు. “నీరు పోయలేదే, ఎక్కడిది?” అని తల్లిదండ్రులొకరు అడిగిరి. వానకాలమున 30 డిగ్రీల వేడిలో ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటియావిరిని మోయగలదు. ఆ గాలిని ఎనిమిదవ వంతునకు కుదించి చల్లార్చినపుడు ఆవిరిలో ఎనిమిదవ వంతు మాత్రమే ఆవిరిగా నిలుచును. తక్కిన 26 గ్రాములు నీరై అడుగున చేరును. రంగుపని నడుమ బొబ్బలు లేచుటకు ఇదియు నొక హేతువు. కావున ప్రతిదినమును పని ముగియగానే అడుగు కుళాయి తెరచి నీరు వదలవలెను.

మేమే ఒక వేసవి సెలవులలో దీనిని మరచితిమి. బడి తెరచినపిదప కుళాయి త్రిప్పగా ఇటుకరంగు నీరు వచ్చెను. అడుగున సూదిమొనయంత రంధ్రము కనబడెను. వెల్డింగు పెట్టిన చాలునని కొందరనిరి. నీరు నిలిచినచోటనెల్ల రేకు పలుచబడియుండును గనుక ఒక్క రంధ్రము పూడ్చుట వ్యర్థమని మేము సమ్మతింపలేదు. క్రొత్త ట్యాంకు వచ్చువరకు రెండునెలలు కుంచెలతోనే రంగువేసితిమి. పాత ట్యాంకును నిలువునకోయించి పనిశాల గుమ్మముకడ నుంచినాము. లోపలి త్రుప్పును ఎవరైనను చూడవచ్చును.