పిండి సాగే తీరు: పాలమూరు వంటింట్లో తాలికలు, సేమియాలు, పాస్తా

పిండిని నీటితోనో గుడ్డుతోనో కలిపి, పోగులుగానో పట్టీలుగానో మలిచి, ఎండబెట్టకుండానే మరిగే నీటిలో ఉడికించే పదార్థాన్ని తాజా పాస్తా అంటారు. ఇది ఇటలీ పేరుతో ప్రసిద్ధమైనప్పటికీ, 2016 అక్టోబరు 11న పాలమూరు అని కూడా పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వేరుపడి జిల్లాలుగా ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో తాలికలు వత్తే చేతికీ, జొన్నరొట్టె తట్టే చేతికీ ఈ పనిలోని కీలకం ముందే తెలుసు. ఏ పిండికి చన్నీళ్లు చాలు, ఏ పిండికి ఎసరు కావాలి అన్నదే ఆ కీలకం.

గోధుమలో ముఖ్యంగా రెండు రకాల మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో గ్లయాడిన్ పిండికి సాగే గుణాన్ని, గ్లూటెనిన్ బిగువును ఇస్తాయి. నీళ్లు తగిలి చేతి కింద నలిగినప్పుడు ఈ రెండూ అల్లుకుని ఏర్పడే జాలాన్నే గ్లూటెన్ అంటారు. పిసికిన వెంటనే ఈ జాలం బిగుసుకుని ఉంటుంది కాబట్టి, అప్పుడే వత్తబోతే పిండి వెనక్కి ముడుచుకుంటుంది. తడిగుడ్డ కప్పి అరగంట పక్కన పెడితే బిగువు సడలి, అదే ముద్ద చపాతీ కర్ర కింద కాగితంలా పరుచుకుంటుంది. వంటల పుస్తకాలు ఈ అరగంటను ఒక్క మాటలో దాటవేస్తాయి గానీ, పాస్తా బాగా రావడమూ రాకపోవడమూ చాలావరకు దానిమీదే ఆధారపడి ఉంటుంది.

జొన్నలోనూ బియ్యంలోనూ గ్లూటెన్ లేదు. చన్నీళ్లతో కలిపిన జొన్నపిండి ఎంత పిసికినా పోగుగా సాగదు, అంచుల్లో పగులుతుంది. అందుకే రొట్టె చేసేవారు మరిగిన ఎసరు పోసి పిండి కలుపుతారు. సుమారు 70 డిగ్రీల సెల్సియస్ వేడి దాటాక పిండిరేణువులు నీటిని పీల్చి ఉబ్బి, జిగురుగా మారి ఒకదానినొకటి పట్టుకుంటాయి. గోధుమలో గ్లూటెన్ చేసే పనిని ఇక్కడ ఈ జిగురు చేస్తుంది. వినాయక చవితికి వండే పాల తాలికల్లో ఈ సూత్రం స్పష్టంగా కనిపిస్తుంది. మరిగే నీటిలో బియ్యప్పిండి పోసి తెడ్డుతో కలియబెట్టి, మూతపెట్టి, చేయి పట్టే వేడికి వచ్చాక మెదిపి, నిమ్మకాయంత ముద్దను అరచేతుల మధ్య దారంలా సాగదీస్తారు. పోగు మధ్యలో తెగితే నీళ్లు తక్కువైనట్టు, చేతికి అంటుకుంటే ఎక్కువైనట్టు. తుంగభద్ర దాటితే వచ్చే రాయలసీమలోనూ ఒత్తుశావిగలకు పిండిముద్దలను ముందుగా ఉడికించి, వేడి చల్లారకముందే గొట్టంలో వత్తుతారు.

సేమియాది మరో దారి. తిప్పుడు పిడి ఉన్న ఇనుప మిషన్‌ను బల్లకు బిగించి, గట్టిగా కలిపిన గోధుమపిండిని అందులో వేసి తిప్పితే జారిపడే పోగులను మంచాల మీదా కర్రల మీదా ఆరబెట్టి ఏడాదికి సరిపడా డబ్బాలో దాచుకోవడం తెలుగు ఊళ్లలో ఎండాకాలపు పనిగా ఉండేది. రంజాన్ షీర్ ఖుర్మాకైనా పండుగ పాయసానికైనా ఆ డబ్బా నుంచే తీసేవారు. ఎండబెట్టిన పిండిపోగుల వ్యాపారం కూడా పాతదే; సిసిలీ ద్వీపంలోని త్రాబియాలో ఇలాంటి పోగులు తయారై ఓడల్లో దూరదేశాలకు వెళ్లేవని అల్ ఇద్రీసీ అనే భూగోళవేత్త 1154లో పూర్తిచేసిన గ్రంథంలో రాశాడు. పచ్చిపోగులను నేరుగా పాలమూరు మే నెల ఎండలో పెడితే పైపొర ముందుగా బిగుసుకుని లోపలి తేమ బయటికి రాలేక పోగు చిట్లుతుంది కాబట్టి, మొదట గాలి ఆడే నీడలో ఆరనిచ్చి తర్వాతే ఎండకు పెట్టడం మంచిది. పొట్లాల సేమియా వచ్చాక ఇళ్లలో ఈ నేర్పు పలచబడటం నిజంగా నష్టమే.

తాజా పాస్తాకు మిషన్ కూడా అక్కర్లేదు. 100 గ్రాముల మైదాకు ఒక గుడ్డు చొప్పున కలిపి, పది నిమిషాలు పిసికి, అరగంట ఆగి, వెనక పెట్టిన అరచేయి కనిపించేంత పలచగా వత్తి, పొడిపిండి చల్లి మడతపెట్టి కత్తితో సన్నని పట్టీలుగా కోస్తే చాలు. గుడ్డు తిననివారు బన్సీ రవ్వను వాడవచ్చు. ఇది డ్యూరమ్ అనే గట్టి గోధుమ నుంచి వచ్చే పసుపు రవ్వ, దక్షిణ ఇటలీ పాస్తాకు ఆధారమైనదీ ఈ జాతి గోధుమే. రవ్వను మెత్తగా పట్టించి, దాని బరువులో సుమారు సగం గోరువెచ్చని నీళ్లతో కలపాలి. ఈ ముద్ద మైదా కన్నా మొండిది, పిసకడానికి ఓపిక కావాలి. లీటరు నీటికి పది గ్రాముల ఉప్పు వేసి, నీళ్లు బాగా తెర్లుతున్నప్పుడే పట్టీలను వదిలితే రెండు మూడు నిమిషాల్లో ఉడుకుతాయి. పంటికి కాస్త బిగువు తగులుతుండగానే దించి, ఉడికిన నీళ్లు ఒక గరిటెడు మిగుల్చుకోవాలి. పట్టీలను తాలింపులో కలిపేటప్పుడు ఈ నీళ్లు పోస్తే, అందులో కరిగిన పిండి తాలింపును పట్టీలకు పట్టిస్తుంది.

జొన్నతో చేయదలచినవారు ఎసరుతో కలిపిన ముద్దను వేడిగా ఉండగానే మురుకుల గొట్టంలో వత్తి, నీళ్లలో వేయకుండా ఇడ్లీ పాత్రలో ఆవిరికి పెట్టాలి, ఎందుకంటే గ్లూటెన్ లేని జొన్న పోగు మరిగే నీటి కుదుపుకు విడిపోవచ్చు. వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపులో ఈ పోగులను కలిపి, వేయించి దంచిన పల్లీల పొడి చల్లితే, వనపర్తి, గద్వాల చేలల్లో పండే జొన్నకూ పల్లీకీ కొత్త జత కుదురుతుంది.