జమ్మలమడుగు జనాభాతో రైతుకేం పని?

జనాభా లెక్కలు సర్కారు కాగితాలకే అనుకోకండి. అవి మీ పంటకూ పనికొస్తాయి.

కడప జిల్లా జమ్మలమడుగు పెన్న ఒడ్డు ఊరు. కర్ణాటక నంది కొండల్లో పుట్టిన పెన్న, గండికోట దగ్గర ఎర్రమల కొండలను చీల్చుకుని, మైలవరం డ్యాం దాటి ఇక్కడికి వస్తుంది. చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. ఈ నేల వాన నీటిని లోపల పట్టి ఉంచుతుంది. అందుకే అక్టోబరు పదునులో విత్తిన బుడ్డశనగ, తర్వాత వాన సరిగా పడకున్నా ఆ తేమతోనే గట్టెక్కుతుంది. ఆ పదునే తప్పితే? ఒక్క పంట నమ్ముకున్న చిన్న రైతు చేతిలో ఏడాదంతా పైసా ఉండదు.

ఇక జనం సంగతి. 2011 లెక్కల్లో పట్టణ జనాభా సుమారు 46 వేలు. తలకు రోజుకు వంద గ్రాముల కూరగాయలనుకున్నా 46 క్వింటాళ్లు కావాలి. అందులో మన పల్లెల నుంచి పోయేదెంత? మార్కెట్టుకు పోయినప్పుడు విచారించండి.

బోరులో కొద్దిపాటి నీళ్లున్నా పది సెంట్లలో వంగ, మటిక్కాయ, ఆకుకూరలు వేసుకోవచ్చు. అయితే అందరూ ఒకేసారి వేస్తే ధర పడిపోతుంది. పక్క రైతుతో మాట్లాడుకుని, పది పదిహేను రోజుల తేడాతో విత్తండి. చేలో పదును చూసినట్టే ఊళ్లో గిరాకీ కూడా చూసుకోవాల.