ఓడ యెక్కుట – ఓడ దిగుట
(తల్లిదండ్రులకు కొన్ని సూచనలు)

సముద్రయానము తెలుగువారికి క్రొత్తది కాదు. కోరంగి, కాకినాడ, భీమునిపట్నము, విశాఖపట్నము రేవుల నుండి మన పూర్వులు వేలకొలదిగ బర్మాకు పోయిరి. అచ్చట మన కూలీలకు కోరంగివారను పేరే స్థిరపడినది. 1860 లో చెన్నపట్టణము నుండి ట్రూరో అను ఓడలో డర్బను రేవు చేరిన కూలీలలో తెలుగువారును ఉండిరి. రంగూను ఓడలలో బీదలకు లభించినది డెక్కు మీది చోటు మాత్రమే. వారు పొట్టకూటికై ఓడ యెక్కిరి. నేడు మనలో కొందరు వినోదమునకై యెక్కుచున్నారు.

2022 జూను నెలలో చెన్నై రేవు నుండి విహారనౌక యొకటి బయలుదేరి విశాఖపట్నమునకు వచ్చినది. 2023 లో విశాఖ రేవునందు విహారనౌకల కొఱకు ప్రత్యేకముగ టెర్మినలు ప్రారంభింపబడినది. ముంబయి, కొచ్చి మొదలగు రేవుల నుండియు ఋతువును బట్టి ఇట్టి నౌకలు నడచుచుండును. కొందఱు సింగపూరు దాక విమానములో పోయి అచ్చట ఓడ యెక్కుదురు. సెలవులలో పిల్లలను, వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని ఇట్టి యాత్రకు పోవు కుటుంబములు మన పాఠశాల తల్లిదండ్రులలోను కలవు. వారికి ఉపయోగపడునను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

రైలెక్కుట మనకు అలవాటైన పని. బండి కదలుటకు పది నిమిషములు ముందు వచ్చినను చోటు దొరకును. ఓడ సంగతి యట్లు కాదు. అది వేయి, రెండు వేల మంది జనముతో నీటిపై తేలు ఒక చిన్న పట్టణము. దానిలో ప్రవేశించుటకును, దాని నుండి వెలువడుటకును క్రమమున్నది. ఆ క్రమమంతయు సాధారణముగ ఇంగ్లీషులోను, హిందీలోను చెప్పబడును. తెలుగు తప్ప మఱియొక భాష చదువనేరని తాతగారికి, అమ్మమ్మగారికి అది గోడమీది గీతయే. కావున ఇంటిలోని వారెవరైన ముందుగా తెలిసికొని, వారికి తెలుగులో తెలియజెప్పుట మిక్కిలి అవసరము. ఇది కేవలము సౌకర్యమునకు సంబంధించిన విషయము కాదు. ఒక్కొక్కప్పుడు ప్రాణములకు సంబంధించినదని ముందు చెప్పెదము.

బయలుదేరుటకు ముందు

మొదట పేరు చూచుకొనవలెను. తెలుగువారికి ఇంటిపేరు మొదట వచ్చును. తమిళ దేశమున తండ్రి పేరులోని మొదటి అక్షరము వచ్చును. మన పిల్లలకు బడి రికార్డులో ఒక విధముగ, ఆధార్ కార్డులో ఒక విధముగ, పాస్‌పోర్టులో మఱియొక విధముగ పేరుండుట మన మెఱిగినదే. టిక్కెట్టు కొనునప్పుడు ఏ పత్రమును రేవులో చూపదలచితిమో ఆ పత్రములో ఉన్నట్లే అక్షరము తప్పక పేరు వ్రాయవలెను. ఓడ మన దేశపు రేవుల మధ్యనే తిరుగునదైన యెడల ప్రభుత్వ మిచ్చిన ఫొటో గుర్తింపు పత్రము చాలును. పరదేశపు రేవు తాకునదైన యెడల పాస్‌పోర్టు కావలెను. దాని గడువు ప్రయాణము ముగిసిన తరువాత ఆరు నెలలైనను మిగిలియుండునట్లు చూచుకొనవలెను. ఏ దేశమునకు వీసా కావలెనో టిక్కెట్టు కొనక మునుపే విచారించుట మంచిది. పిల్లవాడు తల్లిదండ్రులలో ఒక్కరితోనో, తాతగారితోనో పోవునప్పుడు తక్కినవారి సమ్మతి పత్రమును, పుట్టిన తేదీ సర్టిఫికెట్టును వెంట నుంచుకొనవలెను.

ఇరువదినాలుగు వారములు నిండిన గర్భిణీ స్త్రీలను చాల కంపెనీలు ఓడ యెక్కనీయవు. ఆరు నెలలు నిండని శిశువులకును సాధారణముగ ప్రవేశము లేదు. ఓడలో వైద్యుడుండును గాని కాన్పునకు, శస్త్రచికిత్సకు తగిన ఏర్పాట్లు ఉండవు. రేవు కొన్ని గంటల ప్రయాణ దూరమున ఉండవచ్చును. ఈ నిబంధనకు కారణ మదియే.

ఇస్త్రీపెట్టె, విద్యుత్తుతో నీరు కాచు పాత్ర, క్రొవ్వొత్తులు, అగరువత్తులు, కర్పూరము, కత్తులు పెట్టెలో పెట్టరాదు. నిత్యపూజ చేసికొను పెద్దలకు ఈ మాట ముందుగనే చెప్పవలెను. నడి సముద్రమున ఓడవారు అన్నిటికంటె ఎక్కువగ భయపడునది నిప్పునకే. ఇంటికి నిప్పంటుకొన్నచో వీధిలోనికి పరుగెత్తవచ్చును. ఓడకు వీధి లేదు.

రేవులో

ఇంటివద్దనే ఇంటర్నెట్టు ద్వారా వివరములు నింపి బోర్డింగు పాసు తీసికొనవచ్చును. అందులో మనము రేవునకు రావలసిన గంట వ్రాసియుండును. ఆ గంటకే రావలెను. చాల ముందు వచ్చిన యెడల పిల్లలతో వరుసలో నిలువవలసివచ్చును. ఆలస్యముగ వచ్చిన యెడల ద్వారము మూయబడును. ఓడ కదలుటకు గంటయో, గంటన్నరయో ముందే ద్వారము మూయుట సామాన్యము. ప్రయాణికుల జాబితా అధికారులకు అందవలెను. ఓడను రేవు దాటించు పైలటు, లాగు పడవలు నియమిత కాలమునకు సిద్ధముగ నుండును. కావున ఓడ యెవరికొఱకును ఆగదు. దూరపు ఊరి నుండి వచ్చువారు ముందునాటి రాత్రికే రేవు పట్టణము చేరుట శ్రేయస్కరము.

సామాను రెండు భాగములు చేయవలెను. పెద్ద పెట్టెలకు కాబిను నంబరు గల చీటీలు కట్టి రేవులోని కూలీలకు అప్పగింతుము. అవి మన గది చేరుటకు కొన్ని గంటలు పట్టును; సాయంకాలము కూడ కావచ్చును. కావున చేతిసంచిలో పత్రములు, డబ్బు, కళ్లజోడు, ఆ పూట వేసికొనవలసిన మందులు, పసిపిల్లల ఆహారము, ఒక జత బట్టలు ఉండితీరవలెను. చక్కెర వ్యాధి, రక్తపుపోటు గల పెద్దల మందులు ఎన్నడును పెద్ద పెట్టెలో పెట్టరాదు.

రేవు గట్టు నుండి ఓడలోనికి పోవుటకు గ్యాంగ్‌వే అను వంతెన యుండును. పోటు వచ్చినప్పుడు ఓడ పైకి లేచును, పాటున దిగును. దానితో వంతెన వాలును మారును. చెన్నైలో పోటుపాటుల భేదము ఇంచుమించు ఒక మీటరే గాని, ముంబయిలో అమావాస్య, పున్నమల వేళ నాలుగైదు మీటర్ల దాక ఉండును. ఉదయము సమముగ తోచిన వంతెన సాయంకాలము నిట్టనిలువుగ తోచవచ్చును. వృద్ధులు ఒక చేత కమ్మిని పట్టుకొని నడువవలెను. మోకాళ్ల నొప్పి గలవారు చక్రముల కుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునప్పుడే చెప్పవలెను. అడుగుటకు సిగ్గుపడి దారిలో ఆగిపోవుటకంటె ముందుగ అడుగుట మేలు.

ప్రతివారికిని ఒక కార్డు ఇత్తురు. అదే గది తాళపుచెవి, అదే గుర్తింపు, అదే డబ్బు. ఓడలో కొన్నదంతయు ఆ కార్డుపై వ్రాయబడును. పిల్లల కార్డులకు ఖర్చు చేయు అధికారము లేకుండునట్లు కౌంటరులో చెప్పి మార్పించుకొనవచ్చును. సెల్ ఫోనును ఫ్లైటు మోడులో నుంచవలెను. లేనిచో అది ఓడలోని ఉపగ్రహ సంబంధమును అందుకొని పెద్ద బిల్లు తెచ్చిపెట్టును.

అన్నిటికంటె ముఖ్యమైనది

ఓడ యెక్కిన వెంటనే అందఱును భోజనశాలకు పోవుదురు. దానికంటె ముందు తెలిసికొనవలసినది ఒకటి కలదు. అది మస్టరు స్టేషను, అనగా ఆపద కలిగినప్పుడు మనము చేరవలసిన స్థలము. దాని నంబరు మన కార్డుపైనను, కాబిను తలుపు వెనుకను ఉండును.

1912 ఏప్రిలులో టైటానిక్ మునిగి పదునైదు వందలకు పైగా జనులు మరణించిరి. 1914 లో లండనులో దేశములు కూడి సముద్రములో ప్రాణరక్షణకై మొదటి ఒడంబడిక చేసికొనెను. ఒక శతాబ్దము తరువాత, 2012 జనవరి 13వ తేదీ రాత్రి, ఇటలీ దేశపు జీల్యో ద్వీపము చెంత కోస్తా కొంకోర్డియా అను విహారనౌక రాతిని గుద్దుకొని ఒరిగిపోయినది. నాలుగు వేల రెండు వందలకు పైగా జనమున్న ఆ ఓడలో ముప్పదియిద్దరు మరణించిరి. ఆ సాయంకాలమే చివితావెక్కియా రేవున ఎక్కిన వందలాది ప్రయాణికులకు ఆపత్కాల శిక్షణ అప్పటికి జరుగలేదు. ఎక్కిన ఇరువదినాలుగు గంటలలోగ చేసిన చాలునని అప్పటి నిబంధన. దాని తరువాత నిబంధన మారినది. 2015 జనవరి 1వ తేదీ నుండి, ఓడ బయలుదేరుటకు ముందుగాని, బయలుదేరిన వెంటనేగాని ఆ శిక్షణ జరిగితీరవలెను.

ఆపద సంకేతము ఇది: ఏడు పొట్టి కూతలు, వాని తరువాత ఒక పొడుగు కూత. దీనికి భాష లేదు. తమిళునకును, ఒరియావానికిని, తెలుగువానికిని ఒకటే. అది వినబడినప్పుడు వెచ్చని బట్టలు, మందులు చేతికందిన తీసికొని మస్టరు స్టేషనుకు మెట్లమీదుగా పోవలెను. లిఫ్టు ఎక్కరాదు. సామానుకొఱకు గదికి మరలరాదు. పిల్లలు ఆటల గదిలో నున్నచో వారిని వెదకుచు ఎదురు పరుగెత్తరాదు. వారిని ఎవరు, ఎచ్చటికి తెచ్చెదరో మొదటి దినముననే అచ్చటి ఉద్యోగులను అడిగి తెలిసికొనవలెను. చిన్నపిల్లలకు తగిన కొలత గల లైఫ్ జాకెట్టు గదిలో లేనిచో వెంటనే అడుగవలెను.

మాటలు అర్థము కాకపోవుటచే పెద్దలు "మాకెందుకు నాయనా, మీరు వెళ్లి రండు" అని గదిలోనే కూర్చుండుట కలదు. అట్లు కూర్చుండనీయరాదు. వారిని చేయిపట్టుకొని తీసికొనిపోయి, దారి నడిపించి, స్థలము చూపి, సంకేతమును తెలుగులో విప్పి చెప్పవలెను. ఈ పని పదేండ్ల పిల్లవాడు చేయగలడు. ఇంగ్లీషు విని, తెలుగున చెప్పగల మనుమడు ఆ వేళ ఇంటికంతకును దీపము వంటివాడు.

నడుమ రేవులలో

నడుమ రేవులో దిగునప్పుడు ఓడ గడియారమునే నమ్మవలెను. సింగపూరు కాలము మన కాలముకంటె రెండున్నర గంటలు ముందు. ఫుకెట్టు కాలము సింగపూరుకంటె ఒక గంట వెనుక. సెల్ ఫోను గట్టుమీది కాలమునకు తనంతట మారవచ్చును. ఓడ తన పాత కాలముననే నడువవచ్చును. దిగునప్పుడే "మరల ఎక్కవలసిన గంట యేది?" యని అడిగి, చేతి గడియారమును ఓడ కాలమునకు సరిపెట్టుకొనవలెను. కార్డును, గుర్తింపు పత్రమును వెంట నుంచుకొనవలెను. ఆ రేవులోని ఓడ ఏజెంటు ఫోను నంబరు దినచర్య పత్రములో ఉన్నచో వ్రాసికొనవలెను.

రేవు లోతు చాలనిచోట ఓడ దూరమున లంగరు వేయును. చిన్న పడవలలో గట్టునకు తీసికొనిపోవుదురు. గోదావరి పడవ యెక్కినవారికి ఈ కిటుకు తెలియును. పడవ అలపై లేచి గుమ్మమునకు సమముగ వచ్చిన క్షణమున అడుగు వేయవలెను. దుముకరాదు. చేతులలో సంచులుండరాదు. నావికుడు "రండు" అన్న తరువాతనే కాలు కదపవలెను. పసిపిల్లలను ముందు నావికుని చేతికిచ్చి, తరువాత తాము దిగవలెను.

ఓడ దిగునప్పుడు

దిగుట చివరి ఉదయమున గాక ముందునాటి రాత్రియే ప్రారంభమగును. ఆ దినము రంగురంగుల చీటీలు ఇత్తురు. వానిని పెట్టెలకు కట్టి, చెప్పిన గంటలోగ తలుపు వెలుపల నుంచవలెను. పనివారు రాత్రియే వానిని క్రిందికి చేర్తురు. ఉదయము టెర్మినలులో రంగును బట్టి దొరకును. ఇచ్చట పలువురు ఇబ్బందిపడుట కలదు. మఱునాడు కట్టుకొనవలసిన బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు కూడ పెట్టెలో పోయి, ఉదయము రాత్రి బట్టలతోనే దిగవలసివచ్చును. ఇల్లాలు పెట్టె మూయక మునుపు ఇంటిల్లిపాదియు తమ తమ రేపటి బట్టలు మంచముపై పెట్టి చూపిన యెడల ఈ చిక్కు రాదు.

లెక్కను కూడ ఆ రాత్రియే చూచుకొనవలెను. తప్పు అంకె యున్నచో రాత్రి కౌంటరులో తీరికగ అడుగవచ్చును. ఉదయము ఆ వరుస మిక్కిలి పొడుగుగ నుండును.

ఓడ రేవు చేరినంత మాత్రమున దిగనీయరు. అధికారులు ఓడను పరిశీలించి అనుమతి ఇయ్యవలెను. తరువాత రంగు వరుసన పిలుతురు. పిలువక మునుపే మెట్లపై గుమిగూడిన యెడల అందఱకును ఆలస్యము. పెద్ద సామాను లేక తమ పెట్టెలు తామే మోసికొనగలవారిని మొదట దిగనిచ్చు పద్ధతి కలదు. వృద్ధులు, పసిపిల్లలు గలవారు దానికి ఆశపడక నిదానముగ దిగుట మంచిది. ఆ దినపు రైలును, విమానమును మధ్యాహ్నము దాటిన తరువాతిదిగ కొనవలెను. పరదేశము నుండి వచ్చినచో కస్టమ్సు తనిఖీకి మఱికొంత కాలము చేర్చుకొనవలెను. గది విడచునప్పుడు అలమరను, సొరుగులను, స్నానపు గదిని, మంచము క్రిందను చూడవలెను.

దిగిన తరువాత ఒకటి రెండు దినములు నేల ఊగుచున్నట్లు తోచవచ్చును. ఓడ ఊపునకు అలవాటుపడిన శరీరము మరల నేలకు అలవాటుపడుటయే దానికి కారణము. సాధారణముగ దానంతట అదే పోవును. వృద్ధులు మాత్రము ఆ రెండు దినములు మెట్ల వద్ద, స్నానపు గదిలో జాగ్రత్తగ నుండవలెను. చాల దినములు తగ్గకున్న యెడల వైద్యుని చూడవలెను.

తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటి. ప్రయాణమునకు ముందునాటి రాత్రి ఈ వ్యాసమును పిల్లలచేత ఇంటిలోని పెద్దలకు బిగ్గరగ చదివింపుడు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత అను మాటను వారిచేత మరల చెప్పింపుడు. మన పిల్లలు తెలుగు చదువుట పరీక్షకొఱకు మాత్రమే కాదు. ఇంటిలో ఒక్కరును తెలియక వెనుకబడిపోకుండుటకు కూడ అది పనికివచ్చును.