గంపలో ఐసు ఎంత?

మైపాడు రేవు నుంచి పొద్దున్నే చేపలు తెచ్చి మా వీధిలో అమ్మే ఆమె ఒకరున్నారు. పదకొండు దాటేసరికి ఆమె గొంతు మారిపోతుంది. పొద్దున చెప్పిన ధరలో సగానికే వంజరం ఇచ్చేస్తుంది. మధ్యాహ్నానికి మిగిలినవాటిని అడిగేవారుండరు. గంపలో ఐసు లేదా అంటే, ఉంది. పైన రెండు గడ్డలు!

పిల్లలూ! చేప చచ్చిన వెంటనే దాని ఒంట్లోని ఎంజైములు కండను మెత్తబరచడం మొదలుపెడతాయి. చర్మంమీద, మొప్పల్లో, పేగుల్లో ఉన్న బాక్టీరియా ఆ తర్వాత విజృంభిస్తాయి. మనం ముక్కు మూసుకునే కంపు వీటి పనే. చల్లదనం ఈ రెండింటినీ నెమ్మదింపజేస్తుంది. ఎంత నెమ్మది?

దీనికి లెక్క దొరికింది ఆస్ట్రేలియాలోని హోబర్ట్ నగరంలో. అక్కడి టాస్మేనియా విశ్వవిద్యాలయంలోని మెక్‌మీకిన్, ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసిన రాట్కోస్కీ, జూన్ ఓలీ మొదలైనవారు 1982లో ఒక చిత్రమైన సంగతి ప్రకటించారు. బాక్టీరియా పెరిగే వేగానికి వర్గమూలం కడితే, అది ఉష్ణోగ్రతతోపాటు సరళరేఖలో పెరుగుతుంది! చల్లని సముద్రాల చేపలకు దీన్ని అన్వయిస్తే, 0 డిగ్రీల వద్ద 8 రోజులు నిలిచే చేప 10 డిగ్రీల వద్ద 2 రోజులే నిలుస్తుంది. చేపల పెట్టెలో ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం ఉంచి, ఆ సరుకు ఇంకెన్నాళ్లు అమ్మవచ్చో వ్యాపారులు అంచనా కట్టగలగడం ఇలాంటి సూత్రాలవల్లే. మన వెచ్చని సముద్రపు చేపలు ఐసులో సాధారణంగా ఇంకా ఎక్కువ రోజులే నిలుస్తాయి. వాటిమీది బాక్టీరియాలో చాలావాటికి చలి అలవాటు లేదు మరి!

ఇక మన గంప లెక్క. 30 డిగ్రీల వేడిలో ఉన్న 10 కిలోల చేపను 0 డిగ్రీలకు దించాలి. చేప విశిష్టోష్ణం సుమారు 0.8. అంటే 10,000 × 0.8 × 30 = 2,40,000 కెలోరీలు తీసెయ్యాలి. గ్రాము ఐసు కరిగితే 80 కెలోరీలు పీల్చుకుంటుంది. కాబట్టి 3 కిలోలు చాలు. మరి కిలో చేపకు కిలో ఐసు వెయ్యమని శాస్త్రజ్ఞులు ఎందుకంటారు? ఎండ ఊరుకోదు కనుక! గంప సందుల్లోంచి వేడి లోపలికి వస్తూనే ఉంటుంది. మిగతా 7 కిలోలు దానికి.

గడ్డ అక్కడక్కడే చేపను తాకుతుంది. పొడిచేసిన ఐసు చుట్టూ అంటుకుంటుంది. కింద ఒక పొర, చేపల మధ్య ఒకటి, పైన ఒకటి వెయ్యాలి. కరిగిన నీరు జిగురునూ బాక్టీరియానూ కడిగేస్తుంది గనుక అది బయటికి పోయే దారి ఉండాలి. మన ముత్తుకూరు మత్స్య కళాశాల విద్యార్థులు చదివే పాఠాల్లో ఇదీ ఒకటి.

ఐసు ఖర్చుకు జంకి ఫార్మాలిన్ పూసేవారూ ఉన్నారు. మీ జీవశాస్త్ర ప్రయోగశాలలో సీసాలో కప్పను నిల్వ ఉంచే ద్రవమే అది! 2018 జూలైలో అస్సాం ప్రభుత్వం ఈ కారణంగానే బయటి రాష్ట్రాల చేపలను 10 రోజులు నిషేధించింది. ఆంధ్ర చేపలూ అందులో చిక్కాయి. ఏ మందూ పూయనివారి సరుకూ ఆగిపోయింది. దీన్ని నిమిషాల్లో పట్టిచ్చే కాగితపు పట్టీని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసింది.

ఈ లెక్కంతా ఆమెకు చెప్పాను. "ఐసుకి దుడ్లు ఎవురిస్తారు అయ్యోరా?" అంది. నావద్ద జవాబు లేదు. వారం తర్వాత గంప బదులు పాత థర్మోకోల్ పెట్టెతో వచ్చింది. పెట్టె కింద నాలుగు చిల్లులు. వాటి సంగతి నేను చెప్పనేలేదు!